మెసేజ్ ఖర్చు మిగుల్చుకున్నవాడి లంక ప్రయాణం

ఈ పేజీ చదివేవాళ్లు మామూలుగా ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి అని అడుగుతుంటారు. అవన్నీ ఇందులోనూ ఉన్నాయి. కానీ ఈసారి నేను బయల్దేరింది ఏదో చూడ్డానికి కాదు, ఒక మనిషిని తిట్టడానికి. కాకినాడ నుంచి రావులపాలెం మీదుగా, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంకకి. దారంతా ఏమేం అనాలో వరస పెట్టుకుంటూ వెళ్లాను.

ఆ మనిషి పేరు సూరిబాబు. ఇరవై ఆరేళ్లు ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేశాం. అతను కంప్రెసర్ల దగ్గర, నేను స్టోర్స్‌లో. వాళ్లది అరటి పండించే కుటుంబం. పిల్లల్లేరు. మా అమ్మాయి శ్రావణి బారసాలకి అరటి గెల భుజాన వేసుకుని వచ్చి, "దీని పెళ్లికి పందిరి గుమ్మానికి కట్టే చెట్లు నావి. ఇంకెవరి చెట్లూ కట్టడానికి వీల్లేదు" అని నలుగురి ముందూ అన్నాడు. మా వైపు పెళ్లంటే పందిరి గుమ్మానికి అటొకటి ఇటొకటి గెలతో ఉన్న అరటి చెట్లు నిలబడాల్సిందే. ఆ మాట అతను ప్రతి ఏడాదీ గుర్తు చేసేవాడు. మూడేళ్ల క్రితం ముందుగానే ఉద్యోగం మానేసి లంకకి వెళ్లిపోయేటప్పుడు కూడా అదే చెప్పి వెళ్లాడు.

నలభై రోజుల క్రితం శ్రావణి పెళ్లయింది. సూరిబాబు రాలేదు. చెట్లూ రాలేదు. ముందురోజు సాయంత్రం దాకా చూసి, చివరికి పందిరి వేసేవాళ్లనే ఎక్కడినుంచో తెమ్మన్నాను. వాళ్లు తెచ్చిన చెట్లకి గెలలు మోచేయంత లేవు. ఫొటోల్లో వాటిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. పెళ్లయ్యాక రెండుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. తిరిగి చెయ్యలేదు. "వెళ్లి అడిగేసి రండి. లేదంటే ఆయన పేరు ఇంట్లో ఎత్తడం మానెయ్యండి. రోజూ వినలేకపోతున్నాను" అంది మా ఆవిడ పద్మ. ఇవాళతో అటో ఇటో తేలిపోవాలనుకున్నాను. సరైన సమాధానం లేకపోతే ఆ స్నేహానికి అక్కడికక్కడే దండం పెట్టేసి వచ్చేద్దామనే బయల్దేరాను.

అసలు సంగతికి ముందు ఇంకొకటి చెప్పాలి. కిందటేడు ఇదే పేజీలో నేను గొప్పగా ఒక సలహా రాశాను. ప్రయాణాల్లో ఫోన్ ఖర్చు తగ్గించుకోవడం ఎలా అని. డేటాతో నడిచే మెసేజింగ్ యాప్ ఒకటి ఉంటే చాలు, మామూలు మెసేజ్‌లకి పైసా పెట్టక్కర్లేదు, మెసేజ్‌లు లేని చవక ప్లాన్ వేసుకోండి, నేను అదే వేసుకున్నాను అని. చాలామంది మెచ్చుకున్నారు. దానికి తోడు మామూలు మెసేజ్‌ల డబ్బాలో వచ్చేవన్నీ అప్పులిస్తామనీ స్థలాలు అమ్ముతామనీ వచ్చే చెత్తే కాబట్టి దాని మోత ఆపేయమని కూడా రాశాను. ఓటీపీ కావాలంటే లోపలికెళ్లి పైవరస చూసి బయటికి రావడమే. పెళ్లి శుభలేఖలు కూడా ఆ యాప్‌లోనే పంపాను. దగ్గరి చుట్టాలు పది ఇళ్లకి మాత్రం పసుపు రాసిన కార్డు పట్టుకెళ్లి బొట్టు పెట్టి పిలిచాం. మిగతా అందరికీ ఒక్క నొక్కుడు. సూరిబాబు ఆ మిగతా అందరిలో ఉన్నాడు. ఎంతైనా మనవాడు, కార్డుదేముంది అనుకున్నాను.

గురువారం పొద్దున్న ఆరింటికి కాకినాడ కాంప్లెక్స్‌లో రావులపాలెం బస్సెక్కాను. రామచంద్రపురం, మండపేట మీదుగా వెళ్తుంది. టికెట్ తొంభై చిల్లర. ఆడవాళ్లైతే ఆధార్ చూపిస్తే చాలు, టికెట్ డబ్బులుండవు. ఎడమవైపు కిటికీ సీటు తీసుకోకండి, మండపేట దాటేదాకా ఎండ ఆ పక్కే కొడుతుంది. పక్క సీటాయన ఫోన్ వంద గుడ్ మార్నింగ్‌లతో మోగుతోంది. నాదీ అంతే. పువ్వులు, దీపాలు, సూర్యుడు, ఎవరో రాసిన నీతులు. నేను ఫ్యాక్టరీ మిత్రుల గ్రూపు తెరిచాను. నలభై మంది ఉన్నారు, సూరిబాబు లేడు. ఎప్పుడు బయటికెళ్లిపోయాడో కూడా నేను చూడలేదు. అది చూసి ఇంకా కోపం వచ్చింది. చెప్పకుండా వెళ్లిపోయాడు, ఎవరితోనూ పన్లేదన్నట్టు.

ఎనిమిదింపావుకి జొన్నాడ దగ్గర వంతెన ఎక్కాం. వేసవి మొదలవుతోంది కదా, కింద నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది. వంతెన దిగగానే రావులపాలెం. అరటి మార్కెట్ చూడాలనుకునేవాళ్లు ఆ వేళకే చేరాలి. లారీల మీద గెలలు ఎక్కుతూ ఉంటాయి, వేలంపాట పాడేవాళ్ల గొంతులు రోడ్డు దాకా వినిపిస్తాయి. నేను మాత్రం అటు తిరిగి చూడలేదు. ఆ రోజు అరటి గెల కనిపిస్తే చాలు చిర్రెత్తుకొస్తోంది. సెంటర్లో ఒక చిన్న హోటల్లో పెసరట్టు తిన్నాను, నలభై రూపాయలు, అల్లం పచ్చడి బాగుంది. కోపంలో ఉన్నా బాగుంది అంటే నిజంగానే బాగున్నట్టు.

రేవు దాకా ఆటో. మనిషికి ముప్ఫై, నలుగురు ఎక్కేదాకా కదలదు. తొందరుంటే వంద ఇచ్చి ఒక్కరే వెళ్లొచ్చు. నేను వందిచ్చాను. ఆటో నడిపే కుర్రాడిది ఆ పక్క ఊరే.

"లంకలోకి ఎవరింటికండి?" అన్నాడు.

"సూరిబాబు అని. ఫ్యాక్టరీలో చేసి వచ్చాడు."

"ఆయ్, తెలుసండి. మొన్న పెళ్లి చెట్ల గురించి అందరూ నవ్వుకున్నారు కదండీ, ఆయనే కదా?"

పెళ్లి చెట్లేంటని అడిగాను. తనకి పూర్తిగా తెలియదనీ మార్కెట్లో అనుకుంటుంటే విన్నాననీ అన్నాడు. నేను పోనీలే అని ఊరుకున్నాను. ఊళ్లో వాళ్లు నవ్వారంటే ఏదో తప్పు చేసే ఉంటాడని నాకు కాస్త తృప్తిగా కూడా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

రేవులో పావుగంట ఇసుకలో నడవాలి. చెప్పులు చేత్తో పట్టుకుని నడవండి, తొమ్మిది దాటితే ఇసుక కాలుతుంది. ఇంజిను పడవ మనిషికి పది. ఇక్కడ ఫోన్ చూసుకున్నాను. డేటా పోయింది. మాటలకి మాత్రం ఒక గీత ఉంది. పడవ నడిపే పెద్దాయన నా ఫోన్ పైకెత్తడం చూసి, "లేపినా రాదండి. లంకలో మాట్లాడుకోడానికీ మెసేజులకీ తప్ప ఇంకెందుకూ పనికిరాదు" అన్నాడు. ఎవరింటికో చెప్పాను.

"సూరిబాబుగారింటికా? అయితే తోటలోకి ఎదురుగుండా వెళ్లండి. వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడతారు. బొత్తిగా వినపడదండి ఆయనకి."

"కొంచెం చెవుడు. నాకు తెలుసు" అన్నాను.

"కొంచెం కాదండి. పక్కనే ఇంజిను ఆడినా తెలీదు."

అవతలి ఒడ్డున దిగాను. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే అతను కొంచెం గట్టిగా మాట్లాడమనేవాడు. మేం వేళాకోళం చేసేవాళ్లం. కానీ వినపడకపోతే మాత్రం పెళ్లికి రావడానికేం? చెవులతో నడుస్తాడా? కోపం తగ్గకుండా ఉండడానికి నేనే దానికి ఎండుపుల్లలు వేసుకుంటూ నడిచాను. రేవు నుంచి ఇల్లు పది నిమిషాలు.

సూరిబాబు భార్య వరలక్ష్మి వాకిట్లో మినుములు చెరుగుతోంది. నన్ను చూసి లేచింది. "రండి అన్నయ్యగారూ" అంది. అన్నదే కానీ మొహంలో నవ్వు లేదు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, గుమ్మం పక్కన నిలబడింది.

"ఏమ్మా, పెళ్లికి ఇద్దరూ రాలేదు" అన్నాను. వరస పెట్టుకున్న మాటల్లో ఇదే మొదటిది.

ఆవిడ నన్ను సూటిగా చూసింది. "పిలవలేదు కదండీ."

"పిలవకపోవడం ఏంటి? కార్డు పంపించాను."

"మాకేం రాలేదండి. ఆయనకి మీరంటే పిచ్చి. అడుగుతానంటారు, నేనే వద్దన్నాను. పిలుపు అడిగి తెచ్చుకుంటారా ఎవరైనా? వదినగారు వచ్చి బొట్టు పెడతారని మాఘమాసం అంతా చూశాను. వస్తారని కొత్త చాప కూడా తీసి పెట్టాను" అంది. గొంతు పెంచలేదు. నన్ను గుమ్మంలో నిలబెట్టి తిట్టినా అంత తగిలేది కాదు.

నేను కోపంగానే ఫోన్ తీసి యాప్‌లో అతని పేరు తెరిచాను. కార్డు ఉంది. కింద ఒకే ఒక్క బూడిదరంగు టిక్కు. పంపిన రోజు నుంచి అలాగే ఉంది. రెండో టిక్కు పడిందో లేదో నేను ఒక్కసారి కూడా చూడలేదు. "పెద్ద ఫోను కార్తీకంలో పడవలోంచి గోదాట్లో పడిపోయిందండి. మళ్లీ కొనలేదు. సిమ్ము తెచ్చుకుని చిన్న ఫోన్లో వేసుకున్నారు" అంది వరలక్ష్మి. కొన్ని నెలలు వాడకపోతే ఆ యాప్ గ్రూపుల్లోంచి పేరు దానంతటదే పోతుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

తోటలోకి ఎదురుగుండానే వెళ్లాను. సూరిబాబు ఎండుటాకులు కోస్తున్నాడు. నన్ను చూశాడు. కత్తి కింద పెట్టలేదు.

"ఎందుకొచ్చేవ్?" అన్నాడు. వినపడని మనుషులకి గొంతు ఎక్కడ ఆగాలో తెలియదు కదా, తోటంతా వినపడేలా అన్నాడు.

నేను నోరు తెరిచాను. కాకినాడ నుంచి మోసుకొచ్చినవన్నీ ఉన్నాయి. గట్టిగా అరిచాను కూడా. "ఫోనెత్తడానికి ఏం రోగం?" అన్నాను. అతను నా పెదాల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. జేబులోంచి మీటల ఫోన్ తీసి, మెసేజ్ రాసే చోటు తెరిచి, నా చేతిలో పెట్టాడు. "ఏంటో అందులో కొట్టు" అన్నాడు.

ఇరవై మాటలు తిట్టాలని వచ్చినవాడి చేతికి మీటల ఫోన్ ఇచ్చి చూడండి. ఒక్కో అక్షరానికి మూడేసి నొక్కులు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. 'ఫోనెందుకు ఎత్తలేదు' అని కొట్టేసరికి చెమట పట్టింది. చదివి, నా వైపు అసహ్యంగా చూశాడు.

"చెప్పేను కదరా. ఫోన్ చెయ్యొద్దని, మెసేజ్ పెట్టమని. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఎప్పుడు చెప్పావని సైగ చేశాను. నా జేబు వైపు వేలు చూపించాడు.

అప్పుడు తెరిచాను ఆ డబ్బా. పద్నాలుగు వందల పైన చదవనివి. అప్పులు, స్థలాలు, రీచార్జీలు, బీమాలు. వాటన్నిటినీ తోసుకుంటూ కిందకి వెళ్తే, ఒకచోట అతని పేరు. దాని కింద ఏడు మెసేజ్‌లు. అవీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి, మాట మార్చకుండా తెలుగులో రాస్తున్నాను.

"ఒరేయ్ మూర్తీ, పెద్ద ఫోన్ గోదాట్లో పడింది. ఇది చిన్న ఫోన్. చెవులు పూర్తిగా పోయాయి. ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టు."

"మాఘంలో అన్నావు కదా పెళ్లి. రెండు చెట్లు వేరే పెంచేను. ఒకటి ముందు గెలేసింది. రెండోది బాగా వెనకపడింది. తేదీ చెప్పు."

"తేదీ చెప్పు. వ్యాన్ మాట్లాడాలి."

"వరలక్ష్మి పిలుపు రాకుండా అడగొద్దంటోంది. నీ దగ్గర నాకు సిగ్గేంటి. తేదీ చెప్పు."

"ముందు గెల ముదిరిపోతోంది."

"పెళ్లి అయిపోయిందంట. రావులపాలెంలో మన క్యాంటీన్ అబ్బులు కనపడి చెప్పేడు. మంచిది. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు."

ఆఖరిది నేను ఫోన్ చేసిన రోజుది. "రెండు మిస్డ్ కాల్స్ చూసేను. తిట్టడానికా? మెసేజ్‌లో తిట్టు. వినపడదు."

నిలబడే చదివాను. తల కొట్టేసినట్టయింది. అతను ఒక్కో మెసేజ్‌కీ మీటలు నొక్కి నొక్కి, ఇంత సేపు నేను పడ్డ అవస్థ ఏడుసార్లు పడ్డాడు. చదివానని అతనికి తెలియాలి కదా అని తలెత్తాను. అతను అప్పటికే నడుస్తున్నాడు. వెనకే వెళ్లాను.

తోట చివర, కాలవ గట్టు మీద, రెండు కర్పూర అరటి చెట్లు విడిగా ఉన్నాయి. రెంటికీ పసుపు దారం కట్టి ఉంది, పనివాళ్లు పొరపాటున కొట్టెయ్యకుండా. మొదటిదాని గెల చెట్టు మీదే పండి, పగిలి, పక్షులు తినగా మిగిలిన తొడిమలు నల్లబడి వేలాడుతున్నాయి. రెండో గెల ఇంకా ఆకుపచ్చగా ఉంది. నేల మీద నిలబెడితే నా నడుము దాకా వచ్చేంత పొడవుంది. అలాంటి గెల నేను మార్కెట్లో కూడా చూడలేదు.

"రేటు బాగున్నప్పుడు కొట్టమన్నారు అందరూ. కొట్టలేదు" అన్నాడు. "పెళ్లయిపోయిందని తెలిసేక కూడా కొట్టబుద్ధి కాలేదు. ఊళ్లోవాళ్లు నవ్వేరు. నవ్వనీ. నాకు నవ్వినందుకు కోపం లేదురా. ఇన్ని నెలలు నీ నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. నేను చచ్చేనో బతికేనో కూడా చూసుకోలేదు నువ్వు."

అతని ఫోన్ మళ్లీ తీసుకుని 'చూడలేదు. తప్పు నాదే' అని కొట్టాను. ఇంతకంటే మంచి మాటలు ఏమైనా ఉంటే అవి ఆ మీటల మీద నాకు దొరకలేదు. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం అమ్మాయినీ అల్లుణ్ణీ తీసుకురా. చెల్లెమ్మని కూడా. వరలక్ష్మి మనసు కుదుటపడాలంటే ఆవిడే రావాలి" అన్నాడు. తర్వాత, "బయల్దేరేముందు మెసేజ్ పెట్టు. పడవ ఆపిస్తాను" అన్నాడు.

మళ్లీ అతని ఫోన్ అడిగి తీసుకున్నాను. అది కూడా చెప్పక తప్పలేదు. 'నా ప్లాన్‌లో మెసేజ్‌లు లేవు. డబ్బు ఆదా అని తీసేశాను' అని కొట్టాను. ఈ ఏడాదిలో నేను రాసిన అన్నిటిలోకీ కష్టమైన వాక్యం ఇదే.

సూరిబాబు రెండుసార్లు చదివాడు. "ఓహో" అన్నాడు. "గోదారి అవతల ఎవడున్నా వాడితో పన్లేకుండా కట్టుకున్నావన్నమాట ప్లాను." అని కత్తి తీసుకుని మళ్లీ ఎండుటాకుల దగ్గరికి వెళ్లిపోయాడు. వరలక్ష్మి భోజనం పెట్టింది. ముద్దపప్పు, అరటిపువ్వు కూర, పెరుగు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. వంట బాగుందని అనడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

మూడింటికి పడవ. సాయంత్రం ఐదు దాటితే పడవ ఉంటుందో ఉండదో చెప్పలేరు, కాబట్టి నాలుగున్నరకల్లా రేవులో ఉండండి. రావులపాలెం సెంటర్లో మొదట కనిపించిన రీచార్జ్ షాపులోకి వెళ్లి మెసేజ్‌లున్న ప్లాన్ వెయ్యమన్నాను. "ఇప్పుడు మెసేజ్‌లు ఎవరు పంపుతున్నారండీ?" అని నవ్వాడు షాపతను. వాడి మీద అరవబోయి ఆగాను. కిందటేడు నేను రాసిందీ అదే కదా. జొన్నాడ వంతెన మీద బస్సులో కూర్చుని మొదటి మెసేజ్ పంపాను. 'ఆదివారం నలుగురం వస్తున్నాం. తొమ్మిదింటి పడవకి. పద్మ బొట్టు పెట్టి వరలక్ష్మిని మా ఇంటికి పిలుస్తుంది. ఆలస్యమైందని తెలుసు.' ఆలమూరు రాకముందే జవాబు వచ్చింది. 'రండి. రెండో గెల కొయ్యను.'

నా కోపం ఇంకా తగ్గలేదు. కాకపోతే ఇప్పుడది సూరిబాబు మీద లేదు. నెలకి నాలుగు డబ్బులు మిగిలాయని గొప్పలు రాసుకున్నవాడి మీద ఉంది. వినపడని మనిషికి రూపాయి మెసేజే నోరు. ఆ నోరు నేను చెత్త అని మూసేశాను, మిమ్మల్ని కూడా మూసేయమన్నాను. కిందటేడు రాసిన ఆ పేజీ తీసెయ్యడం లేదు. దాని పైన ఇది చదవమని రాసి ఉంచాను. నా మాట విని ఎంతమంది ఆ డబ్బా మూసుకున్నారో నాకు తెలియదు. ఆ డబ్బాల్లో ఎవరెవరు తేదీ అడుగుతూ ఉన్నారో అంతకన్నా తెలియదు. ఆదివారం శ్రావణి ఆ కాలవ గట్టు మీద నిలబడి, తన పెళ్లికి కట్టాల్సిన చెట్టుని ఇంకా తోటలోనే చూస్తుంది. అప్పుడు నేను అమ్మాయి పక్కనే ఉండాలి.

లంకలకి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. బయల్దేరే ముందు రోజు మీ ఫోన్లో మామూలు మెసేజ్‌ల డబ్బా తెరిచి, అప్పులిస్తామనేవాళ్లనీ స్థలాలమ్మేవాళ్లనీ అందరినీ దాటుకుంటూ చివరిదాకా కిందకి వెళ్లండి. ఎవరైనా మీ పేరు పెట్టి పిలిచి ఉంటే, ముందు వాళ్లకి జవాబివ్వండి. బస్సెక్కడం తర్వాత.